పంది దగ్గరున్న ప్రభుత్వ బాణం

ఓబులేసు అర్జీ పెట్టుకున్నది కంచె కోసం. గుట్టకిందపల్లె నుంచి రెండు బస్సులు మారి జిల్లా కేంద్రానికి వచ్చాడు. పెద్దాఫీసులో పొద్దున్నుంచి కాచుకుని, తన రెండున్నర ఎకరాల వేరుశనగ చేనుకు అడవి పందుల బెడద ఉందనీ, చుట్టూ ఇనుప కంచె వేయించి పుణ్యం కట్టుకోమనీ రాయించిన కాగితాన్ని రెండు చేతులా అందించి మరీ వెళ్లాడు. ప్రభుత్వానికి మనసు లేదనేవాళ్లు కళ్లుండీ చూడలేనివాళ్లు. ఆ అర్జీ చదివి మనసు కరిగిన ప్రభుత్వం అతనికి విల్లు మంజూరు చేసింది.

ఇందులో నవ్వడానికేమీ లేదు. కంచెల పద్దులో ఆ ఏడాది చిల్లిగవ్వ లేదు. 'సేద్యంలో అధునాతన పరికరాలు' అన్న పద్దులో మాత్రం డబ్బు మూలుగుతోంది. ఖర్చు పెట్టకపోతే వచ్చే ఏడు కోత పడుతుంది. పందుల మీద తుపాకీ పేలిస్తే శాంతిభద్రతల సమస్య. మందు పెడితే కుక్కలు చస్తాయి. కరెంటు తీగ కడితే రైతులే చస్తున్నారు. చప్పుడు లేనిది, పొగ రానిది, మన సంస్కృతికి దగ్గరైనది విల్లొక్కటే అని రాజధానిలో ఒక సదస్సులో ఎవరో అనేసరికి, చల్లని హాల్లో కూర్చున్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆగేలోపల 'వరాహ నియంత్రణ పథకం' పుట్టింది. జిల్లాలో దాని బాధ్యతను డిప్యూటీ డైరెక్టర్ కోదండపాణి గారికి అప్పగించారు. ఆయన జన్మలో వేటకు పోయినవాడు కాదు, పందిని దగ్గర్నుంచి చూసినవాడూ కాదు. కానీ పేరులో విల్లుంది కదా, అంతకంటే ఏం అర్హత కావాలి అనుకున్నారు పైవాళ్లు.

ఓబులేసుకు మాత్రం ఇది నవ్వులాట కాదు. కిందటేడు పందులు చేనంతా దున్నిపోసేసరికి, ఇంటికి తాళం వేసి మొగుడూ పెళ్లాం బెంగుళూరు పోయారు. అక్కడ కట్టుబడి పనుల్లో సిమెంటు తట్టలు మోశారు. రేకుల షెడ్డులో పడుకుని, ట్యాంకరు నీళ్ల కోసం కొట్లాడి, ఎండాకాలం గడిచేసరికి అతని భార్య సుంకమ్మ మెడ పక్కకు తిప్పలేని స్థితికి వచ్చింది. ఈ ఏడు వానలు దయదలిచాయి. విత్తనం వేసిన రోజే సుంకమ్మ తెగేసి చెప్పింది.

"ఈ పంట ఇంటికొస్తే ఈడ్నే బతుకుదాం. రాల్యాదా, నువ్వొక్కనివే పో బెంగుళూరికి. నేనైతే మళ్లా ఆ బస్సెక్కేది ల్యా."

"వస్తాదిలే మే. ఎందుకు రాదు?" అన్నాడు ఓబులేసు.

వచ్చేటట్టే ఉంది కూడా. చేను పచ్చగా కమ్ముకుంది. పాత చీరలన్నీ పోగేసి చుట్టూ కట్టారు. మంచె మీద వంతులవారీగా కూర్చుని నూనె డబ్బాలు వాయించారు. పందులు పూర్తిగా మానలేదు గాని, భయపడుతూ వచ్చి భయపడుతూ పోయేవి. నాలుగు సాళ్లు పోతే పది సాళ్లు మిగిలేవి. ఆ పోయే నాలుగు కూడా దక్కించుకుందామనే పాపం కంచె అడిగింది.

విల్లు మంజూరైన శుభవార్త చెప్పడానికి కోదండపాణి గారు ఓబులేసును ప్రత్యేకంగా పిలిపించారు. బల్ల మీద మెరిసే కాగితాల పుస్తకం ఒకటి తెరిచి ముందుకు తోశారు. అందులో ఆకుపచ్చ మచ్చల బట్టలు తొడుక్కున్న తెల్లవాడొకడు విల్లు లాగి పట్టుకుని, పళ్లు బిగించి ఉన్నాడు. ఆ విల్లుకు పైనొక చక్రం, కిందొక చక్రం, మధ్యలో ఏవేవో తీగలు, మరలు.

"దీన్ని కాంపౌండ్ విల్లు అంటారు. విదేశాల్లో ఎలుగుబంట్లను కొట్టేది దీంతోనే. ఖరీదు మూడు లక్షల ఇరవై వేలు."

ఓబులేసు తెల్లవాడి వంక చూశాడు, కోదండపాణి గారి వంక చూశాడు.

"మూడు లచ్చలా సార్! ఆ దుడ్లతో నా చేనికి రెండు సుట్లు కంచె వస్తాది కదా సార్."

"ఓబులేసూ, కంచె అనేది నిర్మాణం. విల్లు అనేది పరికరం. పద్దులు వేరు. రెండింటినీ కలిపి మాట్లాడకూడదు."

"పోనీ కాస్త తక్కువ రకంది కొనరాదా సార్? రేటు పందికేం తెలుస్తాది?"

కోదండపాణి గారు జాలిగా నవ్వారు. ఆయన చెడ్డవాడు కాదు. తెలియనివాళ్లకు ఓపిగ్గా చెప్పే గుణం ఉంది.

"పందికి తెలియదయ్యా, ఆడిట్ వాళ్లకు తెలుస్తుంది. తక్కువ ధరది కొంటే, నాణ్యత లేని సరుకు ఎందుకు కొన్నారని అడుగుతారు. ఎక్కువ ధరది కొంటే నాణ్యత ఉన్నట్టే లెక్క. నా సర్వీసులో చవగ్గా కొన్నవాడు దొరికిపోవడమే చూశాను గాని, ఖరీదుగా కొన్నవాడిని ఎవరూ పల్లెత్తు మాట అనగా చూడలేదు."

ఓబులేసు తల ఊపి, దండం పెట్టి వచ్చేశాడు. ఏదైతేనేం, పంది చస్తే చాలు అనుకున్నాడు.

విల్లు వచ్చింది. వచ్చాక గాని తెలియలేదు, అది ఒంటరిగా పనిచేసే రకం కాదని. గురి చూడడానికి వెలుగు చుక్కల అద్దం కావాలి. అద్దం బిగిస్తే విల్లు ఒక పక్కకు తూగుతుంది కాబట్టి తూకం నిలిపే కడ్డీ కావాలి. తాడును ఉత్త వేళ్లతో లాగితే గురి చెదురుతుంది కాబట్టి మణికట్టుకు కట్టుకునే మీట కావాలి. పంది ఎంత దూరాన ఉందో చెప్పే లేజరు పెట్టె కావాలి. తాడు మార్చాలంటే విల్లును వంచి పట్టుకునే ఇనుప యంత్రం కావాలి. ఆ యంత్రాన్ని బిగించడానికి బల్ల కావాలి. తాడుకు పూసే మైనం కూడా విదేశం నుంచే రావాలి, మన మైనం పూస్తే గ్యారంటీ పోతుందట. వీటన్నిటికీ పరుపు కుట్టిన పెట్టె. ఆ పెట్టెకు ఏసీ గది. విల్లు మూడు లక్షల ఇరవై వేలు అనుకున్నది, దాని బంధుబలగం అంతా దిగేసరికి ఏడు లక్షల ఎనభై వేలకు తేలింది.

ప్రతి కొనుగోలు దగ్గరా కోదండపాణి గారు ఒకే మాట అన్నారు. "మూడు లక్షల విల్లుకు మూడొందల సామాను తగిలిస్తే విల్లుకు అవమానం కాదా?" విల్లు అవమానపడడం ఎవరికీ ఇష్టం లేకపోయింది. ఫైలు మీద అందరూ సంతకాలు చేశారు.

విల్లును స్టోర్ సూపరింటెండెంట్ చంద్రమౌళి గారి అధీనంలో పెట్టారు. ప్రభుత్వపు గుండుసూది ఒక్కటి కూడా గల్లంతు కానీయని మనిషిగా ఆయనకు జిల్లా అంతటా పేరు. గడ్డపార ఇస్తే పొడవు కొలిచి ఇచ్చేవారు, తిరిగి తెచ్చినప్పుడు మళ్లీ కొలిచేవారు. అరిగితే అరిగినంత మేరకు సంజాయిషీ అడిగేవారు. విల్లుకు కొబ్బరికాయ కొట్టి, కుంకుమ పెట్టబోయి, గ్యారంటీ గుర్తొచ్చి పెట్టె మీద పెట్టారు.

విల్లు పట్టడానికి మహబూబ్ బాషా అనే వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి డెప్యుటేషన్ మీద తెచ్చారు. వాలీబాల్‌లో జిల్లాకు కప్పు తెచ్చినవాడు. చేతులు పొడుగ్గా ఉన్నాయని ఏకగ్రీవంగా ఎంపిక చేశారు. వారం రోజులు తంటాలుపడి విల్లు లాగడం నేర్చుకున్నాడు బాషా. ఉత్త విల్లే లాగాడు, బాణం పెట్టి కాదు. మొదటిసారి బాణం అడిగిన రోజు చంద్రమౌళి గారు కళ్లజోడు సర్దుకుని నిబంధన వినిపించారు.

"స్టోరులోంచి పోయిన వస్తువు ఎలా పోయిందో అలా సాయంత్రానికి వాపసు రావాలి. బాణం ఒకసారికి ఒక్కటే ఇస్తాను. అది తిరిగొస్తేనే రెండోది."

"సార్, బాణం ఇడిస్తే పోతాది కద సార్," అన్నాడు బాషా.

"విడవమని ఎవరన్నారయ్యా? నిన్ను పందిని కొట్టమన్నారు."

అంతలో ఇంకో సంగతి తేలింది. ఏడు లక్షల ఎనభై వేల ఆస్తి సాయంత్రం ఐదు దాటితే బయట ఉండరాదు. పొద్దున పదిన్నరకు జీపెక్కి, ఐదుకల్లా గది చేరాలి. ఆ సంగతి చెప్పడానికి కోదండపాణి గారు ఓబులేసును కూడా పిలిపించారు.

"సార్, పందులు పొద్దుగూకినాక గదా వచ్చేది!"

"అందుకే రైతుల భాగస్వామ్యం కోరుతున్నాం," అన్నారు కోదండపాణి గారు. "వరాహాలు కార్యాలయ పనివేళల్లో విచ్చేయుటకు అనుకూలమైన వాతావరణాన్ని మీరు కల్పించాలి."

ఆ వాతావరణం ఏమిటో మర్నాడు చేను దగ్గర తెలిసింది. జీపులోంచి దిగిన కోదండపాణి గారు చుట్టూ కట్టిన చీరలు చూసి అవి దృశ్యపరమైన అవరోధం అన్నారు. డబ్బాలు చూసి శబ్దపరమైన అవరోధం అన్నారు. మంచె మీద మనిషి కూర్చోవడం మానసికపరమైన అవరోధమట. మూడింటినీ తక్షణం తొలగించమన్నారు.

సుంకమ్మ కొంగు బిగించి అడ్డం నిలబడింది.

"అవి తీసేస్తే పందులు బెదరవు సామీ!"

"బెదరకూడదమ్మా. బెదిరిన పందిని ఎలా కొడతాం? అది నిర్భయంగా రావాలి, నిలబడాలి, పక్కకు తిరగాలి. శాస్త్రీయ పద్ధతి అంటే అదే."

"అంతవరకూ అది చెనిక్కాయ తింటా ఉంటాది గదా?"

"కొంత త్యాగం తప్పదు," అన్నారు కోదండపాణి గారు, తన చేను కానంత ఉదారంగా.

సుంకమ్మ మొగుడి వంక చూసింది. ఓబులేసు నేల వంక చూశాడు. జీపు డ్రైవరూ, అటెండరూ కలిసి చీరలన్నీ విప్పి మడతపెట్టి సుంకమ్మ చేతికిచ్చారు. ఆ పనిలో మాత్రం ప్రభుత్వ యంత్రాంగం ఎక్కడా ఆలస్యం చేయలేదు.

అప్పటినుంచి రోజూ జీపు వచ్చేది. మొదట పెట్టె దిగేది, తర్వాత పెట్టెకు గొడుగు పట్టే అటెండరు దిగేవాడు, చివర బాషా దిగేవాడు. కంపచెట్టు చాటున ముగ్గురూ కూర్చునేవాళ్లు. పందులు వచ్చేవి కావు. నాలుగున్నరకు పెట్టె మూసి జీపెక్కించేవాళ్లు. జీపు మలుపు తిరిగి దుమ్ము అణిగాక పందులు దిగేవి. డబ్బా చప్పుడు లేదు, చీరల రెపరెపలు లేవు. తల్లులు, పిల్లలు, ముసలివి, మందలు మందలుగా వచ్చి తీరిగ్గా తిని పోయేవి. పొద్దున్నే ఓబులేసు చేనుకు పోయి, తిరగబడిన మట్టిలో తొక్కలు చూసి, ఎన్ని సాళ్లు పోయాయో చూసుకునేవాడు. ఇంటికొచ్చి సుంకమ్మకు సగమే చెప్పేవాడు.

అయితే భయం పోతే పందికి పొద్దూ గిద్దూ ఉండదు. ఒకరోజు మధ్యాహ్నం మబ్బు పట్టి సన్నగా తుంపర మొదలైంది. అటెండరు విల్లుకు గొడుగు పట్టాడు, బాషా తడుస్తున్నాడు. గుట్ట కింద బోదగడ్డిలోంచి నాలుగు పందులు తోకలూపుకుంటూ చేలోకి దిగాయి. ముందున్నది దున్నపిల్లంత ఉంది. లేజరు పెట్టె నలభై అడుగులు అని చూపించింది. బాషా లేచాడు, బాణం పెట్టాడు, తాడు లాగాడు. చక్రాలు తిరిగాయి. వెలుగు చుక్క సరిగ్గా పంది పక్కటెముకల మీద నిలబడింది. కానీ బాణం మాత్రం కదల్లేదు.

వెనక కూర్చున్న సుంకమ్మ ఆగలేకపోయింది. "ఏసేయ్ నాయనా! ఏం జూస్తాండావు?"

"అక్కా, ఇది తగిలి అది పారిపోతే యాడని ఎతకాల? నా జీతంలో పట్టుకుంటారు." లాగిన తాడు వదలకుండానే అన్నాడు బాషా.

"నా చేను జూడు నాయనా. ఒక్కసారి నా చేను జూడు."

బాషా చూశాడు. పంది ఒక మొక్కను వేళ్లతో సహా లేపింది. తెల్లటి కాయల గుత్తి దాని మూతికి వేలాడుతోంది. అతనూ కాయకష్టం తెలిసిన ఇంట్లో పుట్టినవాడే. కళ్లు మూసుకుని మీట నొక్కాడు.

కళ్లు మూసుకుంటే ఏడు లక్షల ఎనభై వేలైనా ఏం చేస్తాయి? బాణం పోయి పంది పిర్రలో గుచ్చుకుంది. పంది ఊరంతా వినిపించేలా అరిచి, బాణంతో సహా గుట్టెక్కి కంపల్లో దూరిపోయింది. మిగతా మూడూ ఒక క్షణం తలెత్తి చూశాయి. రెండో బాణం వస్తుందేమోనని కాబోలు. రెండోది స్టోరులో ఉందని వాటికెవరు చెప్పారో, తలలు దించి మళ్లీ తినసాగాయి. అయినా సుంకమ్మ ఆనందం పట్టలేక బాషాకు చెంబుడు మజ్జిగ ఇచ్చింది. విత్తనం వేశాక ఆమె మొహాన నవ్వు చూడడం ఓబులేసుకు అదే మొదలు.

ఆ నవ్వు మర్నాటి దాకా కూడా నిలవలేదు. పొద్దున్నే ఓబులేసును సాక్షిగా పెద్దాఫీసుకు పిలిపించారు. గదిలో కోదండపాణి గారు చెమటలు తుడుచుకుంటున్నారు. బాషా గోడకు అతుక్కుపోయాడు. చంద్రమౌళి గారు ఒక్కరే ప్రశాంతంగా ఉన్నారు.

"బాణం పోయిందని రాసేద్దామా?" అని కోదండపాణి గారు మెల్లగా అడిగారు.

"ఎలా రాస్తాం సార్? ఎక్కడుందో తెలియని వస్తువు పోయిన వస్తువు. ఇదెక్కడుందో మనందరికీ తెలుసు. పంది దగ్గరుంది. పంపించింది కూడా మన మనిషే. కాబట్టి రికార్డు ప్రకారం బాణం పందికి ఇచ్చినట్టే లెక్క."

"ఒకవేళ ఆ పంది చస్తే?"

"చచ్చి ఏ కంపలో పడిందో తెలియకపోతే అప్పుడు పోయినట్టు. డజను బాణాల్లో ఒకటి పోతే సెట్టు చెడినట్టు. సెట్టు చెడితే విల్లు అసంపూర్తి. అసంపూర్తి విల్లుకు సామాన్లన్నీ నిరుపయోగం. మొత్తం ఏడు లక్షల ఎనభై వేలూ బాధ్యుల దగ్గర వసూలు చేయాలి."

బాధ్యులు అన్న మాట వినగానే గదిలో అందరూ బాధ్యుల కోసం వెతికారు. కోదండపాణి గారు పైకి చూస్తే ఫ్యాను కనిపించింది. బాషా కిందికి చూస్తే తన బూట్లు కనిపించాయి. ఆఖరికి అందరి కళ్లూ తలుపు దగ్గర తువ్వాలు చేతబట్టుకుని నిలబడ్డ ఓబులేసు మీద ఆగాయి.

"పంది ఎవరి చేనుకు వచ్చింది?" అడిగారు చంద్రమౌళి గారు.

"నా చేనికే సార్."

"మళ్లీ వస్తుందా?"

"రాకుండా యాడికి పోతాది సార్. రుచి మరిగింది."

"అయితే సరిపోయింది," అంటూ కోదండపాణి గారు ఊపిరి పీల్చుకున్నారు. అప్పటికప్పుడు ఉత్తర్వు తయారైంది. ఆయనే నిలబడి చదివారు. "సదరు ప్రభుత్వ బాణమును ధరించియున్న వరాహమును, భౌతిక తనిఖీ పూర్తి అగునంతవరకు, ఎవరునూ తరుమరాదు, బెదిరించరాదు, గాయపరచరాదు. సదరు వరాహము జిల్లా సరిహద్దు దాటి పోకుండు నిమిత్తము, దానికి ప్రీతిపాత్రమైన పైరును యథాతథ స్థితిలో ఉంచవలెను. శ్రీ ఓబులేసు సదరు వరాహమునకు సంరక్షకునిగా వ్యవహరించవలెను. ఏమరుపాటు జరిగినచో ఏడు లక్షల ఎనభై వేల మొత్తమునకు ఆయనే బాధ్యుడు."

ఓబులేసుకు ఒక్క ముక్క అర్థం కాలేదు. వరండాలోకి వచ్చాక బాషాను పట్టుకుని అడిగాడు.

"ఏమంటాండారు సామీ?"

బాషా అతని కళ్లలోకి చూడలేకపోయాడు. "చెనిక్కాయ పీకగూడదంట అన్నా. పందిని తరమగూడదంట. తనిఖీ అయ్యేదాకా."

"తనిఖీ ఎప్పుడంట?"

"ముగ్గురు ఆఫీసర్లు ఒకే దినం దొరికినప్పుడంట."

ముగ్గురు ఆఫీసర్లు ఒకే దినం దొరకడం మామూలు విషయం కాదు. ఒకాయన సెలవులో ఉంటే ఒకాయన మీటింగులో ఉన్నారు. ఇద్దరూ దొరికిన రోజు మూడో ఆయన విల్లు సంరక్షణ మీద శిక్షణకు పోయారు. ఈలోగా ఊళ్లో అందరి చేలూ పీకడం అయిపోయింది. ఇళ్ల ముందర కాయలు కుప్పలు పడ్డాయి. ఓబులేసు చేను ఒక్కటే మిగిలింది. గుట్టమీద పందులన్నిటికీ ఆ ఒక్క చేనే దిక్కయింది. పొద్దెక్కాక కూడా వచ్చేవి. సంరక్షకుడు గట్టుమీద కూర్చుని చూసేవాడు. బాణమున్న పంది కనబడితే ఫోను చేయమన్నారు. అది తప్ప అన్నీ కనబడేవి.

ఒక పొద్దున సుంకమ్మ ఇక పట్టలేక చేలో దిగి మొక్కలు పీకడం మొదలుపెట్టింది. ఓబులేసు పరుగెత్తుకుపోయి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు మే. ఏడు లచ్చల ఎనభై వేలంట. ఈ చేను అమ్మినా రాదు, మనల్ని అమ్మినా రాదు."

"మనం పెట్టింది మనం పీకితే తప్పేంది? యాడైనా ఉందా ఈ న్యాయం?"

"ల్యా. కానీ కాగితంలో ఉంది."

సుంకమ్మ ఆ మట్టిలోనే కూలబడి ఏడ్చింది. కష్టం వచ్చి ఏడ్చిన ఏడుపు కాదది. కష్టపడి పండించింది కళ్లముందర పోతుంటే చేతులు కట్టేసినందుకు వచ్చిన ఏడుపు. ఓబులేసుకు ఆమె మొహం చూడడానికి సిగ్గేసింది. ఆ సిగ్గు ఎవరు పడాల్సిందో వాళ్లు ఆ రోజు ఏసీ గదిలో విల్లు తాడుకు మైనం పూయిస్తున్నారు.

ఆ మధ్యాహ్నమే ఓబులేసు కత్తి పట్టుకుని గుట్టెక్కాడు. పంది దొరక్కపోయినా బాణం దొరుకుతుందేమోనని కంపకంపా నరికి వెతికాడు. చేతులు, మొహం గీరుకుపోయాయి. మూడో రోజున, పందులు దూరిపోయే ఒక సందులో, ఈతముళ్ల మధ్య ఆకుపచ్చ ఈక తళుక్కుమంది. పంది ఒళ్లు రాసుకున్నప్పుడు ఊడిపడిన బాణం. చెక్కు చెదరలేదు. ఓబులేసు దాన్ని తువ్వాలులో చుట్టి, అప్పుడే పుట్టిన బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, మొదటి బస్సుకే పెద్దాఫీసుకు పోయాడు.

చంద్రమౌళి గారు బాణం పొడవు కొలిచారు. తూకం వేశారు. దాని మీద నంబరు సరిచూశారు. అన్నీ సరిపోయాయి. అయినా ఆయన మొహం విప్పారలేదు.

"బాణం సరే. పంది ఏదీ?"

"పంది ఎందుకు సార్?"

"రికార్డులో బాణం పంది దగ్గరుందని రాశాం. పంది వాపసు ఇవ్వందే నీ చేతికెలా వచ్చింది? అయితే నువ్వు పందిని చంపి ఉండాలి. చంపితే ఉత్తర్వు ఉల్లంఘన. అటవీ కేసు కూడా."

"నేను దాన్ని సంపలేదు సార్. బాణం కంపలో దొరికింది," అన్నాడు ఓబులేసు. ఆ సమయానికి కోదండపాణి గారు సుడిగాలిలా లోపలికి వచ్చారు. బాణాన్ని చూసి రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకున్నారు.

"చంద్రమౌళి గారూ, మీకర్థం కావడం లేదా? వదిలిన బాణం తిరిగి స్టోరుకు చేరిన దాఖలా లోకంలో ఎక్కడైనా ఉందా? ఇది మన జిల్లాలో జరిగింది! నష్టం సున్నా! ఈ విజయాన్ని వెంటనే ఉన్నతాధికారుల దృష్టికి తీసుకుపోవాలి."

విజయం అన్నాక పంది సంగతి ఎవరికీ అక్కర్లేకపోయింది. చంద్రమౌళి గారు 'పంది నుంచి వాపసు' అని రాసుకుని తృప్తిగా పెట్టె మూశారు.

"సార్, అయితే నేను చెనిక్కాయ పీకొచ్చా?" అడిగాడు ఓబులేసు.

"నిరభ్యంతరంగా! సహకారమంటే నీదే సహకారం," అంటూ కోదండపాణి గారు అతని భుజం తట్టారు.

ఓబులేసు ఆ సాయంత్రమే చేలో దిగాడు. రెండున్నర ఎకరాలూ మొగుడూ పెళ్లాం మట్టి జల్లెడ పట్టినట్టు వెతికారు. గట్టు వారగా రాళ్ల మధ్య, పందుల మూతి దూరని చోట, కొన్ని మొక్కలు మిగిలాయి. అన్నీ పీకి కాయలు తెంపితే రెండు గంపలయ్యాయి. సుంకమ్మ ఆ కాయల్ని చేతులతో తడిమి చూసింది.

"మంచి కాయ. దీన్ని ముట్టగూడదు. ఎండబెట్టి విత్తనానికి పెడదాం. కూలికి పోయి ఎట్లో గట్లెక్కుదాం. ముంగటేటికి విత్తనమన్నా ఉంటాది."

ఓబులేసు తల ఊపాడు. అంత పోయాక కూడా ఆమె ఊరు వదిలే మాట ఎత్తనందుకు అతనికి లోపల ధైర్యం వచ్చింది.

ఆ ధైర్యం ఉన్నప్పుడే విజయోత్సవం వచ్చింది. రెండు జీపులు, ఒక కారు, షామియానా. చేను మధ్య బల్ల వేసి, పట్టుగుడ్డ పరిచి, దాని మీద విల్లును పెట్టి దండ వేశారు. తిరిగొచ్చిన బాణానికి వేరే చిన్న దండ. ముగ్గురు తనిఖీ అధికారులూ ఆ రోజు మాత్రం ఒకేసారి దొరికారు. ఉపన్యాసాలు ముగిశాక ఒకాయన గట్టున ఎండకు పెట్టిన గంపల వంక చూసి, కొత్త కాయలు ఉప్పేసి ఉడకబెడితే ఎంత బాగుంటాయో అన్నాడు. ఇంకొకాయన అవునవునన్నాడు. బాషా ముందుకొచ్చి, "సార్, అవి విత్తనానికి పెట్టుకున్నారంట," అన్నాడు గొంతు తగ్గించి. ఆ మాట ఎవరి చెవినా పడలేదు.

పల్లెకొచ్చిన ఆఫీసరు ఉత్తచేతులతో పోయే ఆనవాయితీ లేదు. ఇంటికొచ్చినవాళ్లను కాదనే అలవాటు సుంకమ్మ వంశంలోనూ లేదు. ఆమె గట్టునే మూడు రాళ్లు పెట్టి పొయ్యి రాజేసింది. ఒక గంప ఉడికింది. షామియానా కింద అందరూ ఒలుచుకు తిన్నారు. భలే తీపిగా ఉన్నాయని మెచ్చుకున్నారు. రెండో గంప సంచుల్లోకి సర్దుకుని జీపుల్లోకి చేరింది. నేలమీద తొక్కలు కుప్పలు పడ్డాయి.

కోదండపాణి గారు చేతులు కడుక్కుని, తుడుచుకుంటూ సుంకమ్మ ముందుకొచ్చారు. పక్కన ఫోటో తీసేవాడు సిద్ధంగా ఉన్నాడు.

"చెప్పమ్మా, మొహమాటపడకు. విల్లు వచ్చాక నీ అనుభవం ఏమిటి?"

సుంకమ్మ ఖాళీ గంప వంక చూసింది. తర్వాత ఆయన మొహంలోకే చూసి చెప్పింది.

"పందులన్నా మాకు రోంత ఇడిసిపెట్టినాయి సామీ."

కోదండపాణి గారి మొహం వెలిగిపోయింది. పక్కనున్న గుమాస్తా వైపు తిరిగి అక్కడికక్కడే చెప్పి రాయించారు. "పథకము అమలులోకి వచ్చిన పిమ్మట, సదరు వరాహములు తమ చేనులో కొంత పంటను విడిచిపెట్టినట్లు లబ్ధిదారు భార్య స్వయముగా సంతృప్తి వ్యక్తము చేసినారు." ఆ నివేదిక రాజధానిలో చాలామందిని కదిలించిందట. జిల్లాకు మరో నాలుగు విల్లులు, వాటికి తగ్గ సామగ్రితో సహా, మంజూరయ్యాయి.

మరుసటి రోజు పొద్దున్నే సుంకమ్మ ఇల్లు ఊడ్చి, తాళం వేసి, తాళంచెవి పక్కింటామెకు ఇచ్చింది. ఓబులేసు మూటలు నెత్తిన పెట్టుకుని వెనకే నడిచాడు. బెంగుళూరు బస్సు వచ్చి ఆగింది. ముందుగా సుంకమ్మే ఎక్కింది.